డబ్ల్యూ-బీమ్ క్రాష్ సిమ్యులేషన్: పికప్ బాగానే తిరుగుతోంది, బారియర్ మాత్రం సగమే వంగుతోంది

పోస్టు_బోల్టు:
అందరికీ నమస్కారం. ఎల్ఎస్-డైనా (క్రాష్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్)లో 787 మి.మీ. ఎత్తున్న మిడ్‌వెస్ట్ గార్డ్‌రైల్ (రోడ్డు పక్కన డబ్ల్యూ ఆకారపు స్టీల్ రేకు బారియర్) మోడల్ కట్టాను. మాష్ (అమెరికాలో బారియర్ పరీక్షల నియమావళి) 3-11 పరీక్ష, అంటే 2270 కిలోల పికప్, గంటకు 100 కి.మీ., 25 డిగ్రీలు. బండి సిల్వరాడో పబ్లిక్ మోడల్. బీమ్ మందం 2.66 మి.మీ., పోస్టుల మధ్య 1.905 మీ., చెక్క బ్లాకవుట్ (బీమ్‌కూ పోస్టుకూ మధ్య దిమ్మ) లోతు 305 మి.మీ.

రన్ ఎక్కడా ఆగకుండా 1 సెకను దాకా వెళ్లింది. బండి తగిలి, చక్కగా రోడ్డు వైపు తిరిగి వచ్చేసింది. కానీ గరిష్ఠ డైనమిక్ డిఫ్లెక్షన్ (బండి తగిలినప్పుడు బారియర్ వెనక్కి జరిగిన దూరం) 640 మి.మీ. మాత్రమే. అసలు క్రాష్ టెస్టులో ఇది సుమారు 1.1 మీటర్లు.

మోడల్ వివరాలు: పొడవు 16 స్పాన్‌లు (పోస్టుకూ పోస్టుకూ మధ్య దూరాలు). బీమ్ రెండు కొసల్లో నోడ్లన్నీ (మెష్ బిందువులు) బిగించాను. పోస్టులు నేలమట్టం దగ్గర ఫిక్స్. అతుకుల దగ్గర రెండు బీమ్‌ల నోడ్లు మెర్జ్. పోస్టు బోల్టు బదులు స్పాట్‌వెల్డ్, దానికి ఫెయిల్యూర్ (ఎంత బలానికి ఊడాలో) ఇవ్వలేదు. బీమ్ మెష్ (రేకును విడగొట్టిన చిన్న ఎలిమెంట్ల సైజు) అంతటా 20 మి.మీ. టోటల్ ఎనర్జీ చివరికి 6 శాతం పెరిగింది. ముందు దేన్ని సరిచేయాలి?

మట్టిమనిషి:
"పోస్టులు నేలమట్టం దగ్గర ఫిక్స్" అన్నారు చూడండి, దాంతోనే మొదలుపెట్టండి.

చేత్తోనే లెక్క వేసుకోవచ్చు. ఈ సిస్టమ్ స్టీల్ పోస్టు డబ్ల్యూ150×12.6 సెక్షన్, దాని ప్లాస్టిక్ మాడ్యులస్ సుమారు 94 ఘన సెం.మీ. ఈల్డ్ 345 మెగాపాస్కల్స్ అనుకుంటే ప్లాస్టిక్ మొమెంట్ 32 కిలోన్యూటన్-మీటర్లు. బీమ్ మధ్యగీత ఎత్తు 632 మి.మీ. అంటే మీ మోడల్‌లో ఒక్కో పోస్టు 51 కిలోన్యూటన్ల దాకా గుంజలా నిలబడి, ఆ తర్వాతే నేల దగ్గర మడత పడుతుంది.

మట్టిలో పాతిన పోస్టు అలా ఉండదు. 1016 మి.మీ. లోతున దిగిన పోస్టు వెనకున్న మట్టిని తోసుకుంటూ నిలువునా వాలుతుంది. అది తిరిగే బిందువు పాతిన లోతులో మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. బండి వైపు పోస్టుకూ మట్టికీ మధ్య ఖాళీ నోరు తెరుచుకుంటుంది. ఎనర్జీలో పెద్ద వాటా ఆ మట్టి నలగడంలోనే పోతుంది. మీ మోడల్‌లో ఆ దారి మూసేశారు.

మట్టికి రెండు పద్ధతులున్నాయి.

ఒకటి, లోతు వెంట 150-200 మి.మీ.కి ఒకటి చొప్పున నాన్‌లీనియర్ స్ప్రింగ్‌లు. రన్ తేలిక. అయితే స్ప్రింగ్‌కు బరువు ఉండదు. నిజం మట్టికి ఉంటుంది, ఆ జడత్వం వల్లే తగిలిన మొదటి కొన్ని మిల్లీసెకన్లలో బలం ఒక్కసారి పైకి లేస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే పోస్టుకు అంటిపెట్టుకుని విడి మాస్ ఒకటి పెట్టాలి.

రెండోది, పోస్టు చుట్టూ 2 మీటర్ల వ్యాసం ఉన్న మట్టి దిమ్మ, సాలిడ్ ఎలిమెంట్లతో, డ్రకర్-ప్రాగర్ లాంటి మట్టి మెటీరియల్ మోడల్‌తో. ప్రవర్తన నిజానికి దగ్గరగా ఉంటుంది. బాధ ఏమిటంటే పోస్టు ఫ్లాంజ్ (అంచు పలక) మూల దగ్గర ఎలిమెంట్లు మెలితిరిగి నెగటివ్ వాల్యూమ్‌తో రన్ ఆగిపోతుంది. మూల దగ్గర మెష్ మరీ సన్నగా చేయకండి.

ఏ పద్ధతైనా బారియర్ మొత్తానికి పెట్టే ముందు ఒక్క పోస్టు మీద సరిచూసుకోవాలి. 632 మి.మీ. ఎత్తులో, గంటకు 32 కి.మీ. వేగంతో బోగీ (చక్రాల మీది టెస్టు బరువు) గుద్దిన టెస్టుల డేటా దొరుకుతుంది. బలం-స్థానభ్రంశం గ్రాఫ్‌తో పాటు ఎనర్జీ-స్థానభ్రంశం గ్రాఫ్ కూడా పోల్చండి. రెండోదే ముఖ్యం. పూర్తి బారియర్ డిఫ్లెక్షన్ 1.1 మీ. వచ్చేదాకా మట్టి విలువలు తిప్పుతూ పోతే, వేరే చోట ఉన్న తప్పుకు మట్టితో పూత పూసినట్టే.

వంకరబీమ్:
మట్టి గురించి అన్న చెప్పింది సరే. మిగతా మూడూ కూడా అటే లాగుతున్నాయి.

కొసలు: 16 స్పాన్‌లంటే 30 మీటర్లే. ఈ సిస్టమ్ టెస్టులో మామూలుగా 53.3 మీ. కడతారు, 28 స్పాన్‌లు. మీరు కట్టని 12 స్పాన్‌లు సాగాలి, వాటి పోస్టులు కాస్త కదలాలి, కొసన యాంకర్ కూడా కాస్త జరగాలి. కొసలు గోడకు బిగించినట్టు బిగిస్తే బీమ్ తాడులా బిర్రబిగుసుకుంటుంది. పొడవంతా కట్టండి. కుదరకపోతే మిగిలిన బీమ్ సాగుదలకు, యాంకర్ జరుగుదలకు సమానమైన స్ప్రింగ్ పెట్టండి.

అతుకులు: ఒక్కో అతుక్కి 8 బోల్టులు. రంధ్రాలు బోల్టు కన్నా వెడల్పు కాబట్టి లోడ్ పడగానే అతుకు కాస్త జారి, ఆ తర్వాత పట్టుకుంటుంది. ఒక్కో అతుకు జారేది కొన్ని మిల్లీమీటర్లే, కానీ పొడవంతా కలిపితే తాడు వదులైనట్టు తేడా కనిపిస్తుంది. బోల్టు, నట్టు రిజిడ్ బాడీలుగా, మధ్యలో బిగింపుకు డిస్క్రీట్ స్ప్రింగ్‌లుగా పెడితే చాలు.

పోస్టు బోల్టు సంగతి వేరే రాయాలి.

పోస్టు_బోల్టు:
మట్టిమనిషి గారూ, వంకరబీమ్ గారూ, చాలా థాంక్స్. మట్టి దిమ్మలు పెట్టి, పొడవు 28 స్పాన్‌లు చేసి, అతుకులకు బోల్టులు వేశాను. ఇప్పుడు ఇంకో సమస్య. పోస్టులు వెనక్కి వాలుతున్నాయి, వాటితో పాటు బీమ్ కిందికి దిగిపోతోంది. 250 మిల్లీసెకన్ల దగ్గర పికప్ ముందు చక్రం బీమ్ మీదికెక్కి బండి అవతలికి దాటిపోతోంది!

వంకరబీమ్:
వస్తుందనుకున్నదే వచ్చింది. ఫెయిల్యూర్ లేని ఆ స్పాట్‌వెల్డ్ చేస్తున్న పని అది.

పోస్టు వెనక్కి వాలుతుంటే దాని తల వృత్తచాపం మీద తిరుగుతూ కిందికి వస్తుంది. బోల్టు వదలకపోతే బీమ్ కూడా దాంతో కిందికి పోవాల్సిందే. డిజైన్‌లో అనుకున్నది ఏమిటంటే, పోస్టు వాలడం మొదలవగానే బోల్టు తల బీమ్ స్లాట్‌లోంచి ఊడి వచ్చేయాలి, బీమ్ మాత్రం బండి ఒంటి ఎత్తులోనే నిలవాలి. 305 మి.మీ. బ్లాకవుట్ కూడా పోస్టు వాలే తొలి దశలో బీమ్‌ను కిందికి పోనివ్వదు, పైగా చక్రాన్ని పోస్టుకు దూరంగా ఉంచుతుంది.

ఇక ఆ స్లాట్‌ను దగ్గరగా చూడండి. 19 మి.మీ. ఎత్తు, 64 మి.మీ. వెడల్పు. అందులో 16 మి.మీ. బోల్టు, గుండ్రటి తల, తల వ్యాసం 33 మి.మీ. దగ్గర. వాషర్ ఉండదు, కావాలనే పెట్టరు. బీమ్ బిగుసుకుని లోయ భాగం విచ్చుకున్నప్పుడు స్లాట్ పై అంచు, కింది అంచు బయటికి వంగి, తలను వదిలేస్తాయి. బోల్టు తెగదు, రేకు వంగుతుంది. 20 మి.మీ. మెష్‌లో ఈ స్లాట్ ఎత్తు ఒక్క ఎలిమెంట్! అందులో వంగడానికి ఏముంది?

కాబట్టి: స్లాట్ చుట్టూ 100 మి.మీ. మేర 4-5 మి.మీ. మెష్. బోల్టు తల గుండ్రదనాన్ని కనీసం మూడు నాలుగు వరుసల ఎలిమెంట్లతో చూపించండి, మూలలు పదునుగా ఉంటే రేకుకు కొక్కెంలా పట్టుకుంటాయి. షెల్ కాంటాక్ట్ మందం కూడా చూసుకోండి. బోల్టుకూ స్లాట్ అంచుకూ మధ్య ఖాళీ ఒక్కో వైపు ఒకటిన్నర మి.మీ. మాత్రమే. బోల్టును షెల్‌తో చేసి మందం ఎక్కువిస్తే మొదటి స్టెప్పులోనే చొచ్చుకుపోయి ఉంటుంది.

టైమ్‌స్టెప్:
4 మి.మీ. మెష్ అనగానే డీటీ (లెక్కలో ఒక్కో స్టెప్పు కాలం) గుర్తొస్తుంది. స్టీల్ షెల్‌లో తరంగ వేగం సెకనుకు సుమారు 5,400 మీ. 5 మి.మీ. ఎలిమెంట్‌కు 0.9 గుణకంతో 0.83 మైక్రోసెకన్లు. 1 సెకను రన్‌కు 12 లక్షల స్టెప్పులు. అందుకే చాలామంది 1 మైక్రోసెకను పెట్టి మాస్ స్కేలింగ్ (స్టెప్పు పెద్దది కావడానికి చిన్న ఎలిమెంట్లకు కృత్రిమంగా మాస్ కలపడం) వాడతారు.

తప్పు లేదు, కానీ పెరిగిన మాస్ ఎక్కడ చేరిందో చూడండి. మోడల్ మొత్తంలో 5 శాతం లోపు అన్నది మామూలుగా వాడే హద్దు. అయితే బండి బరువులోనే 5 శాతం పెరిగితే 113 కిలోలు. నిజం పరీక్షలో 2270 కిలోల బండికి మాష్ ఇచ్చే వెసులుబాటు 50 కిలోలే. కదిలే భాగాల మాస్ విడిగా చూడమనేది అందుకే.

ఇక మీ 6 శాతం ఎనర్జీ. "10 శాతం లోపే కదా" అని వదిలేయకండి. బండి మొత్తం గతిజ శక్తి 876 కిలోజౌళ్లు. అందులో 6 శాతం 52 కిలోజౌళ్లు. బారియర్ మీద పడే అడ్డపు భాగం, అంటే వేగాన్ని సైన్ 25తో గుణించి తీసింది, 156 కిలోజౌళ్లే. మీ గాలి ఎనర్జీ అందులో మూడో వంతు!

ముందుగా, టోటల్ ఎనర్జీ గీతను కాదు, ఎనర్జీ రేషియోను (టోటల్‌ను తొలి ఎనర్జీ, బయటి పని కలిపిన మొత్తంతో భాగించింది) చూడండి. గ్రావిటీ చేసే పని కూడా టోటల్‌లో కలుస్తుంది కాబట్టి ఆ గీత కదలడం తప్పు కాదు. రేషియో 1కి దగ్గరగా ఉండాలి. అదీ పెరిగితే స్లైడింగ్ ఎనర్జీ (భాగాలు ఒకదాన్నొకటి తాకే చోట లెక్కయ్యేది) చూడండి. అది మైనస్‌లోకి పోతోందంటే కాంటాక్ట్‌లో మొదటి నుంచీ చొచ్చుకుని ఉన్న చోట్లున్నాయి. మీ మోడల్‌లో నా అనుమానం అతుకుల మీదే. రెండు బీమ్ రేకుల మధ్య దూరం సరిగ్గా 2.66 మి.మీ. ఉందా? 2 మి.మీ.కి గీసి ఉంటే అక్కడంతా స్ప్రింగులా కుదించుకుని ఉంటుంది.

పోస్టు_బోల్టు:
చూశాను. అతుకుల దగ్గర దూరం 1.5 మి.మీ.! సరిచేశాక రేషియో 1.008కి వచ్చింది. అవర్‌గ్లాస్ ఎనర్జీ (ఎలిమెంట్లు నిజం కాని తీరులో వంకరపోకుండా ఆపడానికి ఖర్చయ్యేది) తొలి టోటల్ ఎనర్జీలో 1.2 శాతం.

మట్టిమనిషి:
మొత్తం మీద 1.2 అంటే సంతోషమే, పార్టుల వారీగా కూడా తెరవండి. ఏ ఒక్క పార్టులోనూ అవర్‌గ్లాస్ దాని సొంత ఇంటర్నల్ ఎనర్జీలో 10 శాతం దాటకూడదు. ఎక్కువగా బయటపడేది తగిలిన చోటి బీమ్ ముక్కలోనూ మట్టి దిమ్మలోనూ. బీమ్, పోస్టులకు ఫుల్లీ ఇంటిగ్రేటెడ్ షెల్, టైప్ 16 పెడితే ఆ తలనొప్పి ఉండదు. మందంలో 5 ఇంటిగ్రేషన్ పాయింట్లు (స్ట్రెస్ లెక్కించే చోట్లు) ఇవ్వండి, మూడైతే మడత దగ్గర ప్లాస్టిక్ స్ట్రెయిన్ మొద్దుగా వస్తుంది.

పోస్టు_బోల్టు:
కొత్త రన్ వచ్చింది. బోల్టులు వదులుతున్నాయి, బీమ్ ఎత్తు నిలిచింది, డిఫ్లెక్షన్ 1.02 మీ. కానీ బీమ్ మెటీరియల్‌కు 0.22 ఫెయిల్యూర్ స్ట్రెయిన్ (ఎంత సాగితే తెగాలో) ఇచ్చాను, తగిలిన చోటి నుంచి రెండో స్లాట్ దగ్గర చిరుగు మొదలై బీమ్ రెండు ముక్కలైంది. టెస్టులో తెగలేదు. విలువ పెంచేస్తే సరిపోతుందా?

సీఎఫ్‌సీ180:
పెంచండి బ్రో, 0.35 చేస్తే ఆగిపోతుంది.

వంకరబీమ్:
అలా చేయకండి. ఆగుతుంది, నిజమే. కానీ రేపు పోస్టుల దూరం మార్చి మళ్లీ నడిపితే, నిజంగా తెగాల్సిన చోట కూడా తెగదు.

ఫెయిల్యూర్ స్ట్రెయిన్ మెటీరియల్ ఒక్కదాని గుణం కాదు, మెష్ సైజు కూడా అందులో కలిసి ఉంటుంది. స్టీల్ తెగే ముందు మెడ సన్నబడేది కొన్ని మి.మీ. మేరలోనే. 20 మి.మీ. ఎలిమెంట్ ఆ స్ట్రెయిన్‌ను చుట్టుపక్కల దానితో కలిపి సగటు చూపిస్తుంది, 4 మి.మీ. ఎలిమెంట్ ఉన్నదున్నట్టు చూపిస్తుంది. 20 మి.మీ. మెష్‌కు సరిపోయిన 0.22ను మీరు 4 మి.మీ. స్లాట్‌కు అంటించారు, అందుకే తొందరగా తెగింది. అదే రేకు టెన్సైల్ కూపన్‌ను (లాగి తెంపి చూసే నమూనా ముక్క) 4 మి.మీ. మెష్‌తో సిమ్యులేట్ చేసి, టెస్టు గ్రాఫ్ ఎక్కడ పడిపోతుందో అక్కడ పడేలా విలువ పట్టండి. 20 మి.మీ. భాగాలకు విడి మెటీరియల్ కార్డు, విడి విలువ.

అంతకన్నా ముందు ఫెయిల్యూర్ తీసేసి ఒక రన్ చేసి, ప్లాస్టిక్ స్ట్రెయిన్ ఎక్కడ పోగవుతోందో చూడండి. ఎలిమెంట్లు తొలగిపోతుంటే చిరుగు మెష్ గీతల వెంటే పోతుంది, అసలు కారణం కనిపించదు.

కారణం ఎప్పుడూ మెష్ అని కూడా కాదు. బ్లాకవుట్ ఊడిపోయి బీమ్ నేరుగా పోస్టు ఫ్లాంజ్ మూల మీద పడితే అది నిజంగానే రేకును కోస్తుంది, ఫ్లాంజ్ మందం 5 మి.మీ. కన్నా తక్కువ. పాత డిజైన్లలో అతుకు పోస్టు దగ్గరే ఉండేది. రంధ్రాలతో బలహీనపడిన చోటే పోస్టు వంపు, కోత పడేవి. మిడ్‌వెస్ట్ సిస్టమ్‌లో అతుకును రెండు పోస్టుల మధ్యకు జరపడానికి అదొక కారణం. మీ చిరుగు అతుకులో కాక స్లాట్ దగ్గర వచ్చింది కాబట్టి, 200 మిల్లీసెకన్ల దగ్గర యానిమేషన్ ఆపి ఫ్లాంజ్ తగులుతోందో లేదో చూడండి.

బీమ్‌లో సెక్షన్ ఫోర్స్ కూడా తీయండి. 1284 చ.మి.మీ. వైశాల్యానికి 345 మెగాపాస్కల్స్ అంటే 443 కిలోన్యూటన్లు. లాగుడు దాని దరిదాపుల్లో లేకుండానే తెగితే అది స్థానికంగా వచ్చిన కోత. దగ్గరకొస్తే అప్పుడు బీమ్ బలం గురించి మాట్లాడుకోవాలి.

సీఎఫ్‌సీ180:
సరే, ఒప్పుకుంటున్నా 😀 నా పేరుకు తగ్గ విషయమే చెబుతా. ఆక్యుపెంట్ రిస్క్ (బండిలోని మనిషికి ప్రమాదం) లెక్కలు తీశారా?

పోస్టు_బోల్టు:
తీశాను. సెంటర్ ఆఫ్ గ్రావిటీకి దగ్గరున్న ఫ్లోర్ నోడ్ నుంచి యాక్సిలరేషన్ తీస్తే 60 జీ స్పైకులు. రైడ్‌డౌన్ 31 జీ అని వస్తోంది. హద్దు 20.49 కదా?

సీఎఫ్‌సీ180:
ఫ్లోర్ రేకు నోడ్ తీసుకుంటే రేకు కంపనమే వస్తుంది. అక్కడ ఒక చిన్న రిజిడ్ దిమ్మ పెట్టి, చుట్టూ ఉన్న గట్టి నిర్మాణానికి కట్టి, దాని మీద యాక్సిలరోమీటర్ ఎలిమెంట్ ఉంచండి. అది బండితో పాటు తిరిగే అక్షాల్లో విలువలిస్తుంది. మామూలు నోడ్ అయితే గ్లోబల్ అక్షాల్లో ఇస్తుంది, బండి 25 డిగ్రీలు తిరిగాక ముందు-పక్క అన్నీ కలగాపులగం.

రెండోది, అవుట్‌పుట్ ఎంతకోసారి రాస్తున్నారు? 1 మిల్లీసెకనుకోసారి రాస్తే ఏలియాసింగ్ (వేగపు కంపనాలు తప్పుడు గీతగా నమోదవడం) వస్తుంది, ఆ తర్వాత ఏ ఫిల్టరూ దాన్ని బాగుచేయలేదు. 0.1 మిల్లీసెకనుకోసారి రాసి, అప్పుడు సీఎఫ్‌సీ 180 (క్రాష్ డేటాకు వాడే ఫిల్టర్) వేయండి. టెస్టు డేటాకూ అదే ఫిల్టర్.

లెక్క తీరు: లోపల వదులుగా ఉన్న తల ముందుకు 0.6 మీ. లేదా పక్కకు 0.3 మీ. కదిలే క్షణం పట్టుకోండి. అప్పటి సాపేక్ష వేగమే ఇంపాక్ట్ వెలాసిటీ. సెకనుకు 9.1 మీ. లోపుంటే మేలు, 12.2 మీ. దాటకూడదు. ఆ క్షణం తర్వాత 10 మిల్లీసెకన్ల సగటులో గరిష్ఠమే రైడ్‌డౌన్. 15 లోపు మేలు, 20.49 ఆఖరి హద్దు.

కాంక్రీట్‌గోడ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇది మాష్‌లో పాసైతే యూరప్ ఎన్2 (అక్కడి బారియర్ తరగతి)కి కూడా సరిపోతుందని రాసుకోవచ్చా? ఎనర్జీ దానికన్నా ఎక్కువే కదా.

టైమ్‌స్టెప్:
రాసుకోకూడదండీ. ఎన్2లో 1500 కిలోల కారు 110 కి.మీ. వేగంతో 20 డిగ్రీల్లో, అంటే 82 కిలోజౌళ్లు. నిజమే, సగమే. కానీ దాంతో పాటు టీబీ11 అని 900 కిలోల చిన్న కారు ఉంది, దానికి ఏఎస్ఐ (యాక్సిలరేషన్ తీవ్రత సూచిక) లెక్క చూస్తారు. 1.0 లోపు ఏ, 1.4 లోపు బీ, 1.9 లోపు సీ. ఏఎస్ఐ అంటే ఫిల్టర్ చేసిన మూడు దిశల యాక్సిలరేషన్లను 12, 9, 10 జీలతో భాగించి వర్గాల మొత్తానికి వర్గమూలం తీసేది. మాష్ ఫ్లెయిల్ స్పేస్ లెక్క (పైన చెప్పిన ఇంపాక్ట్ వెలాసిటీ, రైడ్‌డౌన్) లోంచి అది రాదు. వర్కింగ్ విడ్త్ (తగిలినప్పుడు బారియర్‌కు పట్టే వెడల్పు) తరగతులూ వేరే, డబ్ల్యూ1 అంటే 0.6 మీ. నుంచి డబ్ల్యూ8 అంటే 3.5 మీ. దాకా. చిన్న, ఎత్తు తక్కువ కారు బీమ్ కిందికి దూరడం లాంటివి పికప్ రన్‌లో కనబడవు. కొత్త రన్లు చేయాల్సిందే.

మట్టిమనిషి:
దానికి తోడు ఒక మాట. కాంక్రీట్ గోడల్లోనూ ఇదే పాఠం. ఎన్‌సీహెచ్ఆర్‌పీ 350 (మాష్‌కు ముందటి నియమావళి) కాలంలో టీఎల్-4 (ట్రక్కుతో పరీక్షించే స్థాయి)కి 813 మి.మీ. గోడ చాలేది. మాష్‌లో ట్రక్కు బరువు 8,000 నుంచి 10,000 కిలోలకు, వేగం 80 నుంచి 90 కి.మీ.కి పెరిగేసరికి అది చాలక 914 మి.మీ.కి పోవాల్సి వచ్చింది. ట్రక్కు గోడను విరగ్గొట్టడం కాదు, పైనుంచి ఒరిగి దొర్లిపోవడం అక్కడి సమస్య.

పోస్టు_బోల్టు:
ఫ్లాంజ్ తగులుతోంది, వంకరబీమ్ గారు చెప్పినట్టే! బ్లాకవుట్‌ను రెండు బదులు ఒక్క నోడ్‌తో పోస్టుకు కట్టాను, గిర్రున తిరిగి తప్పుకుంటోంది. మేకుతో సహా సరిగ్గా కట్టాక, కూపన్‌తో పట్టిన విలువతో బీమ్ తెగలేదు. డిఫ్లెక్షన్ 1.08 మీ. రైడ్‌డౌన్ 9.4 జీ. ఇక వాలిడేట్ అయినట్టేనా?

టైమ్‌స్టెప్:
ఒక్క సంఖ్య కలిస్తే అవ్వదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నా 1.08 వస్తుంది. మూడు యాక్సిలరేషన్లు, రోల్-పిచ్-యా (బండి పక్కకు ఒరగడం, ముందువెనకలకు ఊగడం, దిశ తిరగడం) మూడూ, మొత్తం ఆరు చానెళ్లనూ టెస్టు గీతలతో పోల్చండి. ఆర్‌ఎస్‌వీవీపీ (సిమ్యులేషన్, టెస్టు గీతలను పోల్చే ప్రోగ్రామ్) వాడితే స్ప్రాగ్-గీర్స్ కొలతల్లో మాగ్నిట్యూడ్ (ఎత్తుల తేడా), ఫేజ్ (సమయపు తేడా) రెండూ 40 లోపు ఉండాలి. సగటు తేడా గరిష్ఠ విలువలో 5 శాతం లోపు, దాని ప్రామాణిక విచలనం 35 శాతం లోపు. నిలువు యాక్సిలరేషన్, పిచ్ ఒంటిగా ఫెయిలవడం మామూలే. అప్పుడు చానెళ్లకు వాటి బరువును బట్టి కలిపి చూసే దారి ఉంది.

టెస్టులో అసలు ఏ వేగం, ఏ కోణం వచ్చాయో రిపోర్టులో చూసి వాటితోనే నడపండి. వెసులుబాటు 4 కి.మీ., 1.5 డిగ్రీలు. రెండూ పై కొసన పడితే 156 కిలోజౌళ్లు 189 అవుతాయి. 100కీ 25కీ నడిపి, 103కీ 26కీ జరిగిన టెస్టుతో పోల్చడం కొలత తప్పిన చొక్కా కుట్టడమే.

పోస్టు_బోల్టు:
రోల్ తప్ప అన్నీ హద్దుల్లో ఉన్నాయి. రోల్ టెస్టులో 5 డిగ్రీలు, నాకు 14. హద్దు 75 కాబట్టి పాసే, కానీ గీత 300 మిల్లీసెకన్ల నుంచి దారి తప్పుతోంది.

వంకరబీమ్:
300 దగ్గర ముందు చక్రం పోస్టులను దాటుకుంటూ పోతోందా? టెస్టు ఫొటోల్లో ఆ చక్రం ఊడిందో లేదో చూడండి. బండి మోడల్‌లో సస్పెన్షన్ జాయింట్లకు ఫెయిల్యూర్ బలం ఇవ్వకపోతే చక్రం ఎంత తగిలినా పట్టుకునే ఉంటుంది, పోస్టు మొద్దు మీద ఎక్కి ఆ మూలను పైకి లేపుతుంది. టైరు గాలి పోవడం కూడా అలాంటిదే.

మట్టిమనిషి:
ఇంకొకటి, అదే ఫైలును 32 కోర్లతో ఒకసారి, 48తో ఒకసారి నడపండి. ఆ రెండిటి మధ్యే రోల్ ఐదారు డిగ్రీలు మారితే మీరు వెతుకుతున్న తేడాలో కొంత కంప్యూటర్ది, బారియర్‌ది కాదు. జాయింట్ ఫెయిల్యూర్ ఉన్న రన్, లేని రన్, రెండు గీతలూ ఒకే గ్రాఫ్‌లో పెట్టి ఇక్కడ పోస్ట్ చేయండి, జాయింట్ బలం ఎంత ఇచ్చారో కూడా రాయండి.